చూసిందే గీయండి: డిగ్రీ మొదటి ఏడాది జీవశాస్త్రం, ప్రయోగశాల

(ఈ సంవత్సరం చెన్నై కళాశాలల్లో జీవశాస్త్ర కోర్సుల్లో చేరిన తెలుగు విద్యార్థుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం త్యాగరాయనగర్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం.)

సభకు నమస్కారం. నెల్లూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి, తిరుపతి నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చిన పిల్లలు, వాళ్లను తోడ్కొని వచ్చిన తల్లిదండ్రులు ఈ హాల్లో సగానికి పైగా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మిగతావారు ఈ ఊళ్లోనే పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగినవారు. మీ అందరికీ రాబోయే ఏడాది ఎలా ఉంటుందో, తరగతి గదిలోనూ ప్రయోగశాలలోనూ మీ ముందుకు ఏమేం వస్తాయో, దేనికి సిద్ధపడి వెళ్లాలో చెప్పమని నన్ను పిలిచారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ నగరంలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, ఆ ముప్ఫై ఏళ్లలో పిల్లలు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ వాళ్ల ముఖాలు వెలిగాయో చూసిన అనుభవంతోనే మాట్లాడతాను.

ముందుగా, ఈ గదిలో చాలామంది మనసులో ఉండి పైకి రాని సంగతి ఒకటి చెప్పి తీరాలి. మీలో పలువురు నీట్ రాసి, మెడికల్ సీటు రాక, ఈ కోర్సులో చేరారు. మొదటి వారం తరగతిలో వెనక బెంచీల్లో తల దించుకుని కూర్చునే పిల్లల్ని నేను ఏటా చూస్తూ వచ్చాను. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. బంధువుల ముందు, పిల్లలు వింటుండగా, "సీటు రాలేదు కాబట్టి ఇందులో వేశాం" అనకండి. ఆ మాట విన్న పిల్ల సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడు కూడా, తాను ఉండవలసిన చోటు ఇది కాదన్న ఆలోచనతోనే కూర్చుంటుంది. అలా కూర్చున్న మనిషికి కింద ఏముందో కనపడదు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. అలాంటి పిల్లలకు కన్ను కుదరడానికి నెల రోజులు పట్టడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

ఇక కోర్సు సంగతి. ఇంటర్మీడియట్ బైపీసీలో మీరు చదివిన అధ్యాయాల పేర్లే ఇక్కడా కనిపిస్తాయి. కణం, కణ విభజన, జన్యుశాస్త్రం, కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, వర్గీకరణ, జీవావరణం. ఆ పేర్లు చూసి, ఇదంతా మనకు వచ్చినదే అనుకోవడం మొదటి సెమిస్టరులో జరిగే పెద్ద పొరపాటు. ఇంటర్‌లో మీరు నాలుగు జవాబుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం నేర్చుకున్నారు. అది చిన్న విద్యేమీ కాదు, దానికి జ్ఞాపకశక్తీ వేగమూ కావాలి. అయితే డిగ్రీలో ప్రశ్న మారిపోతుంది. కేంద్రకాన్ని 1831లో రాబర్ట్ బ్రౌన్ వర్ణించి ఆ పేరు పెట్టాడని అక్కడ రాస్తే మార్కు వచ్చేది. ఇక్కడ, ఆయనకు అది ఎలా కనపడింది, ఏ మొక్క కణంలో కనపడింది, అంతకు ముందు 1665లోనే బెండు ముక్కలో గదులు చూసిన రాబర్ట్ హుక్‌కు ఎందుకు కనపడలేదు అని అడుగుతారు. బ్రౌన్ చూసింది ఆర్కిడ్ మొక్కల సజీవ కణాలను. హుక్ చూసిన బెండులో మిగిలినవి చచ్చిన కణాల గోడలు మాత్రమే. ఆ తేడా తెలిసిన విద్యార్థికి సంవత్సరాలు బట్టీ పట్టనవసరం లేకుండానే గుర్తుంటాయి.

మద్రాసు విశ్వవిద్యాలయ పద్ధతిలో మీకు ప్రధాన విషయం పేపర్లు, దానికి తోడుగా అనుబంధ విషయాల పేపర్లు ఉంటాయి. వాటితో పాటు భాషా పేపరు ఉంటుంది. మీ కళాశాలలో తెలుగు తీసుకునే వీలుంటే తీసుకోండి. షిఫ్టు వేళలు, ఇంటర్నల్ పరీక్షలు, హాజరు నిబంధనలు మీ కళాశాల వాళ్లే మొదటి రోజున కాగితం మీద ఇస్తారు కనుక వాటి మీద కాలం గడపను. నేను ఎక్కువసేపు మాట్లాడదలచింది ప్రయోగశాల గురించి, ఎందుకంటే జీవశాస్త్రం మీకు పట్టుబడేదీ, చేజారేదీ అక్కడే.

మొదటి ప్రాక్టికల్ చాలా కళాశాలల్లో ఉల్లిపొరతోనే మొదలవుతుంది. ఇంత చిన్న పని మీద ఇంతసేపు మాట్లాడతారా అని అనుకోకండి. ఉల్లిపాయను నిలువునా కోసి, కండగల పొర ఒకటి తీసి, లోపలి వైపు, అంటే గిన్నెలా గుంటగా ఉన్న వైపు, విరిచి పట్టకారుతో లాగితే జిగురు కాగితం కన్నా పలుచని పొర ఊడి వస్తుంది. దాన్ని గాజు పలక మీద నీటిచుక్కలో మడత పడకుండా పరచాలి. ఎక్కువమంది చేతుల్లో అది చుట్టుకుపోతుంది. కంగారు పడకుండా బ్రష్షుతో నీటిలోనే విప్పాలి. కణాలకు రంగు పట్టడానికి ఒక చుక్క అయోడిన్ గాని సాఫ్రనిన్ గాని వేసి ఒక నిమిషం ఆగి, పలుచని గాజు మూత అయిన కవర్‌స్లిప్‌ను ఒక అంచు ముందు ఆనించి, సూది ఆసరాతో నెమ్మదిగా వాల్చాలి. పైనుంచి టపీమని పడేస్తే గాలి బుడగలు చేరతాయి. చుట్టూ దట్టమైన నల్లని అంచుతో, మధ్యలో మెరుస్తూ, చక్కగా గుండ్రంగా కనిపించే ఆ బుడగనే కణమనుకుని అందంగా గీసి తెచ్చే పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. నేను వాళ్లను ఎన్నడూ కోప్పడలేదు. వాళ్లు కనీసం తాము చూసినదాన్ని గీశారు.

నన్ను బాధపెట్టింది వేరే పటం. ఒక ఏడాది, శ్రద్ధగా చదివే ఒక అమ్మాయి ఉల్లిపొర కణాన్ని గీసి తెచ్చింది. గీతలు ముచ్చటగా ఉన్నాయి. కణకవచం ఉంది, కేంద్రకం ఉంది, దాని పక్కన ఆకుపచ్చని హరితరేణువులు పది, గింజల్లాంటి మైటోకాండ్రియాలు ఆరు ఉన్నాయి. "ఇవి ఎక్కడ చూశావమ్మా, నాకూ చూపించు" అని ఆమె స్లైడు దగ్గరికే వెళ్లి కూర్చున్నాను. పది నిమిషాలు వెతికింది. ఇటుకలు పేర్చినట్టు పొడుగాటి కణాలు, ఒక్కోదానిలో గోడకు ఒత్తుకుని కూర్చున్న కేంద్రకం కనపడ్డాయి తప్ప పచ్చనిది ఏదీ కనపడలేదు. కనపడే అవకాశమూ లేదు. ఉల్లిపాయ పొర అంటే మట్టిలో, వెలుతురు తగలని చోట పెరిగిన ఆకు అడుగు భాగం. దానిలో హరితరేణువులు ఉండవు. మైటోకాండ్రియాలు ఉంటాయి గాని, ప్రత్యేకమైన రంజకం లేకుండా మన కళాశాల సూక్ష్మదర్శినిలో అవి దొరకవు. ఆ అమ్మాయి గీసింది పాఠ్యపుస్తకంలోని వృక్షకణాన్ని. పుస్తకంలోని ఆ పటం అబద్ధం కాదు, కానీ అలాంటి కణం ఏ ఒక్క మొక్కలోనూ ఉండదు. నూరు రకాల కణాల్లో ఉన్నవన్నీ ఒకచోట చేర్చి, నేర్పడం కోసం గీసిన బొమ్మ అది. "ఉల్లిపొర ఎందుకు పచ్చగా లేదు" అన్న ప్రశ్న ఆమెకు వచ్చి ఉండేది, కన్నును నమ్మి ఉంటే. ఆ రోజు నుంచి నా మొదటి తరగతిలో బోర్డు మీద రాసే మాట ఒక్కటే: చూసిందే గీయండి.

కన్నును నమ్మడం అంటే ఊరికే చూడడం కాదు, దానికీ సాధన కావాలి. సూక్ష్మదర్శినిలో ఎప్పుడూ తక్కువ పెద్దదిగా చూపే కటకంతో, అంటే 4 లేదా 10తో మొదలుపెట్టాలి. నేరుగా 40కి పోతే, ఏమీ దొరక్కపోవడమే కాక, స్క్రూ తిప్పే తొందరలో కటకం స్లైడును పగలగొడుతుంది. కంటి దగ్గరి కటకం 10, కింది కటకం 40 అయితే వస్తువు 400 రెట్లు పెద్దగా కనపడుతుంది. నూనె చుక్క వేసి వాడే 100 కటకంతో 1000 రెట్లు. ఎంత పెద్దదిగా చేసినా, మామూలు వెలుతురుతో చూసే యంత్రంలో మైక్రోమీటరులో (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఐదో వంతు, అంటే 0.2 మైక్రోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు విడివిడిగా కనపడవు. ఆ హద్దు యంత్రం ఖరీదును బట్టి కాక కాంతి స్వభావాన్ని బట్టి ఏర్పడింది. బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది కాబట్టి స్లైడును కుడికి జరిపితే లోపలి కణాలు ఎడమకు పోతాయి. రెండు వారాల్లో చేతికి ఇది అలవాటైపోతుంది, తరువాత జన్మంతా మరచిపోరు.

ఒక చిన్న లెక్క కూడా మొదటి రోజే చేయించడం నాకు అలవాటు. సాధారణంగా మన యంత్రాల్లో 10 కటకంతో కనిపించే గుండ్రని వెలుతురు వ్యాసం 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ యంత్రానిది ఎంతో, పారదర్శకమైన స్కేలు ముక్క పెట్టి మీరే కొలవచ్చు. ఆ వ్యాసం పొడుగునా ఆరు ఉల్లికణాలు పట్టాయంటే ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు. మీ చెంప లోపలి కణం దాదాపు 60 మైక్రోమీటర్లు, రక్తంలోని ఎర్రకణం 7 నుంచి 8 మైక్రోమీటర్లు, బాక్టీరియా ఒకటి రెండు మైక్రోమీటర్లు. అంటే ఒక ఉల్లికణం పొడుగునా ఎర్రకణాలను వరుసగా పేరిస్తే నలభై దాకా పడతాయి. కణం "చిన్నది" అని పదేళ్లుగా రాస్తున్న విద్యార్థికి, ఎంత చిన్నది అన్న అంకె తన చేతిలో పుట్టినప్పుడు ఆ మాటకు బరువు వస్తుంది.

ద్రవాభిసరణ, అంటే కణం పొర గుండా నీరు ఉప్పు ఎక్కువున్న వైపు పోవడం. ఆ ప్రయోగానికి రియో మొక్క ఆకు తెస్తారు. ఈ నగరంలో ఇళ్ల ముందు కుండీల్లో, పార్కు గట్ల వెంట, పైన పచ్చగా అడుగున వంకాయరంగులో కనిపించే మొక్క అది. అడుగు పొరను తీసి ఉప్పునీటిలో పెడితే, గది నిండా ఉన్న ఊదారంగు మీరు చూస్తుండగానే గోడల నుంచి విడిపోయి మధ్యకు ముడుచుకుంటుంది. మళ్లీ మంచినీరు అందిస్తే మెల్లగా విచ్చుకుని గోడలను ఆనుకుంటుంది. దీన్ని చూసిన ప్రతిసారీ నాకు మాగాయ పెట్టే రోజులు గుర్తొస్తాయి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే, ఎవరూ నీళ్లు పోయకుండానే, మూడో రోజుకు ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ ఊట ముక్కల కణాల్లోంచి వచ్చిందే. మీ అమ్మమ్మకు ద్రవాభిసరణ అన్న మాట తెలియకపోయినా, ఉప్పు తగ్గితే ఊట సరిగా రాదనీ, పచ్చడి పాడవుతుందనీ తెలుసు. ఇంటికి వెళ్లినప్పుడు ఆ జాడీ దగ్గర నిలబడి పాఠం గుర్తు చేసుకోండి, మళ్లీ మరచిపోరు.

కణ విభజనను చూసే వేరు కొన ప్రయోగానికి మాత్రం ఓపిక బాగా కావాలి. నీటిపై మూడు నాలుగు రోజులుంచిన ఉల్లిపాయకు తెల్లని వేర్లు వస్తాయి. వాటి కొనలను స్థిరీకరించి, ఆమ్లంలో మెత్తబరచి, ఎసిటోకార్మిన్ గాని ఎసిటో ఆర్సిన్ గాని పట్టించి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కి, పక్కకు జారకుండా నలిపితే కణాలు ఒకే పొరగా పరచుకుంటాయి. ఉల్లి కణంలో 16 క్రోమోజోములు ఉంటాయి. మీరు ఎంతో ఆశగా మధ్యస్థ దశ కోసం, అంటే క్రోమోజోములు కణం నడుమ వరుసగా నిలిచే దశ కోసం వెతుకుతారు. కనపడేవి ఎక్కువ భాగం విభజనలో లేని మామూలు కణాలే. గంటన్నర వెతికి ఒక్కటీ దొరక్క ఏడ్చిన పిల్లలున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే: ఆ దొరకకపోవడంలోనే పాఠం ఉంది. కణం తన ఆయుష్షులో ఎక్కువ కాలం విభజనకు సిద్ధమవుతూ గడుపుతుంది, విభజన కొద్దిసేపే. అందుకే ఒక్క క్షణాన ఆగిపోయిన వెయ్యి కణాల్లో విభజనలో దొరికేవి తక్కువ. ఏ దశలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, ఏ దశకు ఎంత కాలం పడుతుందో అంచనా కట్టవచ్చు.

ఆ రంజకాల గురించి ఒక మాట. కార్మిన్‌ను ఒక జాతి పురుగు నుంచి తీస్తారు, ఆర్సిన్‌ను రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ల నుంచి. అద్దకపు రంగులుగా వాడిన వస్తువులే కణం లోపలిని మనకు చూపించాయి. క్రోమోజోము అనే మాటకు గ్రీకులో అర్థం రంగు దేహం. 1888లో వాల్డేయర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు, అవి రంగును బాగా పట్టుకుంటాయి కాబట్టి. మైటాసిస్ అన్న మాటలో ఉన్నది గ్రీకు "దారం". తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి, ఇంగ్లీషు పదాలు చూసి బెదిరే పిల్లలు ఇక్కడ ఎందరో ఉంటారు. వారికి నేను ధైర్యం చెప్పదలచాను. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు కూడా ఆ గ్రీకు, లాటిన్ మాటలు పరాయివే. పైగా మీకు కిరణజన్య సంయోగక్రియ అన్న మాట తెలుసు. కిరణాల వల్ల పుట్టే కలయిక అని ఆ మాటే పాఠం చెబుతుంది. ఒక నోటుపుస్తకంలో ఎడమ వైపు ఇంగ్లీషు పదం, మధ్యలో దాని మూలార్థం, కుడి వైపు మీకు తెలిసిన తెలుగు పదం రాసుకుంటూ పోండి. దీపావళి నాటికి ఆ భయం తగ్గుతుంది. తరగతిలో అర్థం కానిది తెలుగులోనే తోటివారిని అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇప్పుడు, ప్రయోగం కుదరనప్పుడు ఏం చేయాలన్న సంగతి. మీరు చేసే ప్రయోగాల్లో కొన్ని కుదరవు. దీనికి సిద్ధంగా ఉండాలి.

నేను చదువుకునే రోజుల్లో లాలాజలంలో ఉండి పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైముతో ప్రయోగం చేశాను. గంజిలో లాలాజలం కలిపి, నిమిషానికొక చుక్క తీసి, తెల్లని పింగాణీ పలక గుంటల్లోని అయోడిన్‌లో వేస్తే మొదట నీలినలుపు వస్తుంది. ఎంజైము పని చేస్తున్న కొద్దీ ఆ రంగు తగ్గి, చివరికి అయోడిన్ గోధుమరంగే మిగులుతుంది. నా పలకలో పదిహేనో గుంట కూడా నల్లగానే ఉంది. పక్కనున్న స్నేహితురాలికి ఎనిమిదో నిమిషానికే రంగు పోయింది. నేను ఆమె అంకెలు నా పుస్తకంలో ఎక్కించుకున్నాను. మా మేడమ్ సంతకం పెట్టారు, మార్కులు వేశారు. ఆ సాయంత్రం సామాను సర్దుతుంటే తెలిసింది, నా గంజి గొట్టాన్ని ఉంచిన నీళ్ల పాత్ర కింద మంట ఎక్కువై, నీరు చేయి పెట్టలేనంత కాగిపోయి ఉందని. అంటే నా ప్రయోగం చెడిపోలేదు. ఎక్కువ వేడికి ఎంజైము ఆకారం చెడి పని మానేస్తుందన్న పాఠాన్ని, రెండు వారాల తరువాత చేయవలసిన ప్రయోగాన్ని, నేను ఆ రోజే చేసి, కళ్లారా చూసి, కొట్టిపారేసి, అబద్ధపు అంకెలు రాశాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ పేజీ చూస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మన తెలుగువాడిదే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టి, ఈ నగరంలోని మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పని చేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో ప్రచురించారు. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత ముదురుగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. మీరు రంగు ముదురును కొలిచే కలరీమీటరు ముందు కూర్చుని చేయబోయే పనికి మూలసూత్రం ఇదే. అదే పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రవం మీద వాడినప్పుడు రంగు రావలసినంత త్వరగా రాలేదు. మెల్లగా, ఆలస్యంగా వచ్చింది. రసాయనం పాతదైందనో, చేతిలో పొరపాటు జరిగిందనో ఆ అంకెలు పక్కన పెట్టేసి ఉండవచ్చు. వాళ్లు అలా చేయలేదు. ఎందుకు ఆలస్యమైందని వెతికితే, కండరంలో భాస్వరం క్రియాటిన్‌తో కలిసి ఉందనీ, పరీక్షలోని ఆమ్లంలో అది కొద్దికొద్దిగా విడిపోతూ రంగునిస్తోందనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. రెండేళ్లకు, 1929లో, కండరం నుంచే, కణం శక్తిని నిలవ చేసి వాడుకునే ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. శ్వాసక్రియ అధ్యాయంలో మీరు పేజీకి పదిసార్లు రాసే ఏటీపీ ఇదే. దాని వెనక, ఆలస్యంగా వచ్చిన ఒక నీలిరంగును ఉన్నది ఉన్నట్టు రాసుకున్న పుస్తకం ఉంది.

అందుకే మీ అబ్జర్వేషన్ నోటుబుక్కులో రబ్బరు వాడకండి. తప్పు రాస్తే ఒక అడ్డగీత కొట్టి పక్కన సరైనది రాయండి, కింది మాట చదవడానికి వీలుగా ఉండాలి. తేదీ, సమయం, నీటి వేడి, స్లైడు మీద ఏం జరిగింది, ఏం ఒలికింది, అన్నీ అప్పటికప్పుడు రాయండి. రికార్డు పుస్తకం తరువాత తీరిగ్గా ఇంటి దగ్గర పూర్తి చేసుకోవచ్చు, అది చూపించుకోవడానికి. అబ్జర్వేషన్ పుస్తకం మీ కోసం. సీనియర్ల రికార్డులు కొని, వాటిని చూసి గీసే పద్ధతి మన కళాశాలల్లో ఉందని నాకు తెలుసు. వైవా అనే నోటి పరీక్షలో పరీక్షకురాలు మొదటి ప్రశ్నకే అది పట్టేస్తుంది, అది చిన్న నష్టం. ఆ మూడు గంటలు మీరు ప్రయోగశాలలో ఉండి కూడా ఏమీ చూడకుండా పోవడం పెద్ద నష్టం.

అంకెల సంగతి కూడా ఇంతే. జన్యుశాస్త్రంలో సంకర మొక్కల సంతానంలో ఒక లక్షణం మూడు పాళ్లు, రెండోది ఒక పాలు, అంటే 3:1 అని చదివిన పిల్లలు, గింజలు లెక్కపెట్టినప్పుడు 3:1 రాకపోతే గింజలు తీసేస్తారు, కలుపుతారు. జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ బఠాణీల్లో గుండ్రనివి 5474, ముడతలు పడినవి 1850 వచ్చాయి, భాగిస్తే 2.96. ఏడు వేల పైచిలుకు గింజలు లెక్కపెట్టినా సరిగ్గా మూడు రాలేదు. మీరు నలభై గింజలు లెక్కపెట్టి సరిగ్గా మూడు తెచ్చారంటే నాకు అనుమానమే వస్తుంది. వచ్చిన అంకె ఊహించినదానికి ఎంత దూరంలో ఉంటే ఫరవాలేదు, ఎంత దూరమైతే మన ఊహనే అనుమానించాలి అని తేల్చడానికి కై వర్గ పరీక్ష అనే లెక్క నేర్పుతారు. గణితం తప్పించుకోవడానికి బైపీసీ తీసుకున్నామనే పిల్లలు ఇక్కడ కొంచెం మనసు దిటవు చేసుకోవాలి. ఆ లెక్క కూడికలు, భాగహారాలు వచ్చినవారందరికీ వస్తుంది.

పోల్చి చూడడానికి మరో ఏర్పాటు లేని ప్రయోగం ప్రయోగమే కాదని మీ అధ్యాపకులు పదేపదే చెబుతారు. ఎంజైము వేసిన గొట్టంతో పాటు, ఎంజైము బదులు నీళ్లు వేసిన గొట్టం కూడా పెట్టాలి. ఇదేదో చాదస్తమని అనిపించినప్పుడు, ఈ నగరంలోనే జరిగిన ఒక అధ్యయనాన్ని గుర్తు చేసుకోండి. 1956లో మద్రాసులో క్షయ చికిత్స మీద పరిశోధనా కేంద్రం పెట్టారు. క్షయ రోగిని శానటోరియంలో ఉంచి, మంచి తిండి, విశ్రాంతి ఇస్తేనే నయమవుతుందని అప్పటివరకు నమ్మకం. అక్కడి వైద్యులు 193 మంది రోగులను చీట్లు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును శానటోరియానికి పంపి, మరో జట్టుకు ఇరుకు ఇళ్లలోనే ఉంచి అవే మందులు ఇచ్చారు. ఏడాది తరువాత చూస్తే రెండు జట్ల ఫలితాలూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. 1959లో వెలువడిన ఆ ఫలితం తరువాత క్షయకు ఇంటి దగ్గర చికిత్స అన్నది ప్రపంచమంతటా అంగీకారమైంది. రెండో జట్టు లేకపోతే, శానటోరియంలో నయమైన రోగులను చూపించి, శానటోరియం వల్లే నయమైందని అందరూ అనుకుంటూనే ఉండేవారు. మీ రెండో పరీక్షనాళిక చేసే పని అదే.

జంతువుల కోత గురించి తల్లిదండ్రులు కొందరు ఇందాక బయట అడిగారు. 2014లో, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ జంతుశాస్త్ర కోర్సుల్లో కోతలను మాన్పించింది కనుక నమూనాలు, పటాలు, కంప్యూటరు బొమ్మలు, సీసాల్లో భద్రపరచిన నమూనాలతోనే నేర్పుతారు. నమూనాలను భద్రపరచే ఫార్మలిన్ ద్రవం వాసన మొదటి రెండు వారాలు ఇబ్బంది పెడుతుంది. తలనొప్పి వస్తే దాచుకోకుండా అధ్యాపకులకు చెప్పి కిటికీ దగ్గరికి వెళ్లండి.

జాగ్రత్తల విషయంలో నేను కఠినంగానే ఉంటాను. తెల్లకోటు, ముందు భాగం మూసి ఉండే చెప్పులు, ముడి వేసిన జుట్టు లేకుండా లోపలికి రాకూడదు. పిపెట్టును నోటితో పీల్చకూడదు, పైన రబ్బరు బల్బు పెట్టి వాడాలి. పాత తరంలో మేమంతా నోటితోనే పీల్చాం, అది తప్పు. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. రక్తవర్గ పరీక్షకు వాడిన సూదిని మరొకరికి ఇవ్వకూడదు, ఎంత స్నేహితురాలైనా సరే. వాడిన బ్లేడును చెత్తబుట్టలో పడేస్తే సాయంత్రం ఊడ్చే ఆయమ్మ చేయి తెగుతుంది. ఒకసారి అలాగే తెగింది, ఆ రక్తం నేను తుడిచాను. బ్లేడ్లకు విడిగా డబ్బా ఉంటుంది, అందులోనే వేయండి.

ప్రయోగశాల గోడల దగ్గరే ఆగిపోకండి, ఈ ఊరు మీకు ఇంకా చాలా ఇస్తుంది. ఎగ్మూరులో 1851లో మొదలైన మ్యూజియం ఉంది. స్పాటర్స్ పరీక్షకు సీసాల్లో చూసి గుర్తుపట్టవలసిన జీవుల్లో చాలావాటిని అక్కడ తీరిగ్గా చూడవచ్చు. నగరం నడిబొడ్డున గిండీ వనంలో కృష్ణజింకలు తిరుగుతాయి. పళ్లికరణై చిత్తడి నేలకు 2022లో, ముఖ్యమైన చిత్తడి నేలలకు అంతర్జాతీయంగా ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి ఇక్కడి విద్యార్థులు రాత్రిళ్లు నీలాంకరై నుంచి అడయారు వైపు ఇసుకలో నడుస్తూ ఆ గుడ్లను కాపాడుతున్నారు. గూటి వేడిని బట్టి ఆ గుడ్లలోంచి ఆడవి వస్తాయో మగవి వస్తాయో నిర్ణయమవుతుందన్న వాక్యాన్ని పుస్తకంలో చదవడం ఒకటి, అర్ధరాత్రి ఇసుక గోతిలో చేయి పెట్టి ఆ వెచ్చదనాన్ని తెలుసుకోవడం మరొకటి. తల్లిదండ్రులు అనుమతిస్తే, అధ్యాపకుల తోడుతో, ఒక్క రాత్రయినా వెళ్లి రండి.

చదువుకు ఎంత సమయం పెట్టాలని అడుగుతారు. ప్రాక్టికల్‌కు ముందు రోజు అరగంట, పద్ధతి చదువుకుని, ఏం కనపడవచ్చో మీ మాటల్లో రెండు వాక్యాలు రాసుకుని రండి. అయిన రోజు రాత్రే మరో అరగంట, చూసినదాన్ని తలచుకుంటూ రాయండి. సెమిస్టరు చివర వారం రోజులు రాత్రింబవళ్లు కూర్చునే దానికన్నా ఈ అరగంటలే నిలుస్తాయి. పెన్సిల్ హెచ్‌బీ వాడండి. నీడలు వేయకుండా గీతలు, చుక్కలతోనే గీయండి. పేర్లు కుడి వైపు, గీతలు ఒకదాన్నొకటి దాటకుండా. ఎన్ని రెట్లు పెద్దదిగా చూశారో కింద తప్పక రాయండి.

నా మాటలు ఇంతే. వెనక బల్ల మీద రెండు సూక్ష్మదర్శినులు పెట్టించాను. ఒకదానిలో ఉల్లిపొర ఉంది, రెండోది ఖాళీ. దాని పక్కన శుభ్రమైన గాజు పలకలు, కవర్‌స్లిప్‌లు, దూది చుట్టిన పుల్లలు, మిథిలీన్ బ్లూ సీసా ఉన్నాయి; ఎవరి చెంప లోపలి కణాలను వాళ్లే తీసి చూడవచ్చు. వాడిన పుల్లలను ఎర్ర డబ్బాలో వేయండి, ఒకరి పుల్ల మరొకరు ముట్టుకోవద్దు. తల్లిదండ్రులు కూడా రావాలి, ముందుగా వాళ్లే రావాలి. 10 కటకం దాకా మీరే తిప్పుకోండి, 40కి మార్చేటప్పుడు నన్ను పిలవండి. పక్కనే తెల్లకాగితాలు, పెన్సిళ్లు ఉన్నాయి. చూసిన ప్రతి ఒక్కరూ ఒక కణం గీసి, పేరు రాయకుండా, ఆ అట్టపెట్టెలో వేసి వెళ్లండి. భోజనాలయ్యాక వాటిని అందరం కలిసి చూద్దాం.